సంతకం అడిగే ముందు

ఒరేయ్ నాన్నా,

మీ నాన్న సంవత్సరీకం కాగానే అక్కను నూజివీడు రిజిస్ట్రారాఫీసుకు పిలిపించి, మామిడితోటలో హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకుంటావని విన్నాను. తొందరపడకు. ఈ పెదనాన్న మాట విను.

పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుంది. ఆ హక్కు ఇస్తూ ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే అమలైంది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ అడ్డూ తీసేసింది. ఆనాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ నాన్న వాటాలో మీ అమ్మకూ భాగముంది. కాబట్టి అక్కకు నువ్వు దయతలచి ఇచ్చేదేమీ లేదు. ఆమెది ఆమెకు అప్పగించడమే.

కట్నం ఇచ్చాంగా అంటావు. ఆ డబ్బు అక్క చేతికి వచ్చిందా? 1961 నుంచీ నేరమైన పని చేసి, దాన్నే ఆమె వాటా కింద చెల్లు రాయడం ఏం న్యాయం?

అక్కే వద్దంటోంది అంటావు. అక్కడే ఆగి ఆలోచించు. వాటా అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని మన ఆడపిల్లల భయం. పండక్కి పిలుపు రాదేమో, పిల్ల పెళ్లికి మేనమామ రాడేమో అనుకుంటూనే నవ్వుతూ సంతకం పెట్టేస్తారు. అలా భయపడి వదులుకున్నది ఇష్టంతో వదులుకున్నట్టు కాదురా.

దీని నష్టం ఒక్క అక్కతో ఆగదు. తోటల్లో కాయలు ఏరేది, గ్రేడు చేసేది, పెట్టెలకెత్తేది ఎక్కువగా ఆడవాళ్లే. అయినా పాసుపుస్తకం చాలావరకు మగవాడి పేరునే ఉంటుంది, బ్యాంకుకు రైతంటే అతనే. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా, కూలి దగ్గరకొచ్చేసరికి ఆడమనిషికి తగ్గించే ఇస్తారు. తన పేరున సెంటు భూమి లేనిది, చేతిలో డబ్బు ఆడనిది, కొట్టే మొగుణ్ణి కాదని ఎక్కడికి పోతుంది? ఆడపిల్ల అంటే ఖర్చన్న లెక్క ఇలా ఇళ్లలోనే పుట్టింది. అది ముదిరి ముదిరి కడుపులో బిడ్డ ఆడో మగో చూపించుకునేదాకా పోతే, 1994లో దాన్ని ఆపడానికో చట్టం చెయ్యాల్సి వచ్చింది.

తోటకు నీళ్లు పెట్టేది, మందు కొట్టించేది నువ్వేనని నాకు తెలుసు. ఆ ఖర్చు, నీ కష్టం లెక్కగట్టి మినహాయించుకో, ఎవరూ కాదనరు. కానీ సర్వేయర్‌ను పిలిచి హద్దులు వేయించు. అక్క వాటాకు పాసుపుస్తకం అక్క పేరున రానియ్. తోటను పూత మీద ఇచ్చినా, కాపు మీద ఇచ్చినా ఆమె వంతు సొమ్ము ఆమె ఖాతాలోనే పడాలి. మన తోటలో ఒకే పనికి ఆడామగా కూలి ఒకటే చెయ్యి.

అన్నిటికంటే ముందు అక్కకు ఫోన్ చెయ్యి. సంతకం మాట ఎత్తకు. "వాటా తీసుకున్నా నువ్వు నా అక్కవే, ఈ ఇల్లు నీ పుట్టిల్లే" అని చెప్పు. ఆ భరోసా దొరికాక ఆమె ఏం కోరితే అది చెయ్యి. నీ కూతురు నిన్ను చూసే నేర్చుకుంటుంది, ఇంట్లో తన విలువెంతో.

చల్లగా ఉండు.

మీ పెదనాన్న