మంచి గవర్నరు

పాలకుడు స్వయంగా మంచివాడైతే అతని పాలన మంచిదవుతుందా? ప్రశ్న పాతదే. మన పల్లెల్లో అది ప్రశ్నగా కాక జవాబుగానే వినబడుతూ వచ్చింది. "దొర మంచివాడే, చుట్టూ చేరినవాళ్లే చెడ్డవాళ్లు" అనే మాట మన తాతలు అన్నదే. దత్తమండలాల్లో కలెక్టరుగా పనిచేసి, 1827లో మద్రాసు గవర్నరుగా ఉండగా పత్తికొండలో మరణించిన థామస్ మన్రో పేరును రైతులు తమ బిడ్డలకు పెట్టుకున్నారు. ఆ కృతజ్ఞతను పరిహసించడం సులభం. పరీక్షించడం మేలు. అయితే పరీక్షకు మన గడ్డకు దూరంగా ఉన్న చోటును తీసుకుంటే సొంత అభిమానాలు అడ్డు రావు.

వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ అటువంటి చోటు. 1797లో స్పెయిన్ చేతినుంచి ఇంగ్లండు చేతికి వచ్చింది మొదలు, 1962 ఆగస్టు 31న స్వతంత్రమయ్యేదాకా, 165 ఏళ్లపాటు ఆ దీవికి గవర్నర్లు వస్తూ పోతూ ఉన్నారు. క్రూరుడు, సంస్కర్త, ఉదారుడు, నిజం చెప్పినవాడు - అందరూ ఆ ఒక్క కుర్చీలోనే కూర్చున్నారు. మనుషులు మారి కుర్చీ మారని చోట, మంచితనం బరువెంతో తూచి చూడవచ్చు.

మొదటివాడు థామస్ పిక్టన్. 1801లో లూయీసా కాల్డెరాన్ అనే పిల్ల ఒక దొంగతనానికి తోడ్పడిందని అనుమానించారు. పిక్టన్ ఉత్తర్వు మీద ఆమెను మణికట్టుకు తాడు కట్టి వేలాడదీశారు. ఒంటికాలు మాత్రం కిందనున్న మేకు మీద ఆనేలా చేసి, నేరం ఒప్పుకోమన్నారు. ఇందుకు 1806లో లండనులో విచారణ జరిగింది. జూరీ అతన్ని దోషి అన్నది. 1808లో మళ్లీ విచారించారు. దీవిలో అప్పటికి అమలులో ఉన్న స్పానిష్ చట్టం అటువంటి హింసను అనుమతించిందన్న వాదం నిలిచింది. శిక్ష పడనే లేదు. 1815లో వాటర్లూ యుద్ధంలో చనిపోయి పిక్టన్ వీరుడైపోయాడు. కార్డిఫ్ నగర భవనంలోని అతని విగ్రహాన్ని తీసివేయాలని అక్కడి నగర మండలి 2020లో తీర్మానించింది. ఆ తీర్మానానికి రెండు శతాబ్దాలు పట్టింది.

ఇందులో గమనించవలసింది మరొకటుంది. లూయీసా బానిస కాదు, స్వతంత్రురాలు. అందుకే ఆమె గోడు లండను దాకా వెళ్లింది. పిక్టన్ పాలనలో హింసలపాలై చచ్చిన బానిసల కోసం ఏ జూరీ కూర్చోలేదు. అంటే న్యాయస్థానం దుర్మార్గాన్ని చూసింది గాని, దుర్మార్గం నిలబడ్డ నేలను చూడలేదు.

ఆ నేల చట్టరీత్యా 1834లో కదిలింది. బానిసత్వం రద్దయింది. యజమానులకు సామ్రాజ్యమంతటా 2 కోట్ల పౌన్లు నష్టపరిహారం దక్కింది. బానిసలకు దక్కింది "అప్రెంటిసు" అనే కొత్త పేరు. పొలంలో మరి ఆరేళ్ల నిర్బంధ సేవ. ఆగస్టు 1న వాళ్లు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో గవర్నరు హిల్ ఎదుటికి వచ్చి, ఆరేళ్లు వద్దని కేకలు వేశారు. హిల్ క్రూరుడు కావడమో కాకపోవడమో అక్కడ ముఖ్యం కాదు. చట్టాన్ని చదివి వినిపించడమే అతని పని. ఆరేళ్లు నాలుగై, 1838లో ఆ పద్ధతి పోయింది.

అప్పుడు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1845 మే 30న ఫతల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి రెండువందల పైచిలుకు మనుషులతో ఆ రేవు చేరింది. తర్వాత మద్రాసు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాటిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1917 దాకా వెళ్లినవారు సుమారు 1 లక్షా 44 వేలు. అయిదేళ్ల ఒప్పందం. చీటీ లేకుండా తోట దాటితే నేరం, పని మానితే జైలు.

ఇక్కడే "మంచి గవర్నర్లు" రంగప్రవేశం చేస్తారు. 1846లో వచ్చిన లార్డ్ హారిస్ చదువుకున్నవాడు, ఆలోచనాపరుడు. బానిసలు విడుదలయ్యారు గాని వారితో ఒక సమాజం ఏర్పడలేదని గ్రహించినవాడు. వార్డు పాఠశాలలు పెట్టించాడు. కాని కూలీ ఓడలు శాశ్వతంగా ఆగలేదు. ఇతనే 1854లో మద్రాసు గవర్నరుగా వచ్చి 1859 దాకా ఉన్నాడు. కూలీలను దించుకున్న రేవునుంచి కూలీలను ఎక్కించే రేవుకు బదిలీ అయ్యాడన్నమాట! ఒక మనిషి జీవితంలో సామ్రాజ్య పటం ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

1866లో వచ్చిన ఆర్థర్ గార్డన్ ఇంకా మంచివాడు. ప్రభుత్వ భూములను చిన్న రైతులకు అందుబాటులోకి తెచ్చాడు. తిరుగు ప్రయాణానికి బదులు భూమి తీసుకునే వీలు భారతీయులకు కల్పించాడు. ఆ భూముల మీదే ఒక రైతాంగం నిలదొక్కుకుంది. ఇది కాదనరాని మేలు. ఆ గార్డనే తర్వాత ఫిజీకి గవర్నరై, అక్కడి ఆదివాసుల భూమినీ ఆచారాలనూ తోటల దొరల నుంచి కాపాడదలచాడు. కాపాడి, ఆ తోటల్లో పనిచేయడానికి భారతీయ కూలీలను రప్పించాడు. 1879లో మొదటి ఓడ ఫిజీ చేరింది. ఒకరి పట్ల అతని దయకు మూల్యం చెల్లించినవాళ్లు మరొకరు. చక్కెర లాభానికి మాత్రం భంగం కలగలేదు.

1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండోలో, నిషేధాన్ని లెక్కచేయక మొహర్రం ఊరేగింపుగా వచ్చిన కూలీల మీద కాల్పులు జరిగాయి. పదుల సంఖ్యలో గాయపడ్డారు, చాలామంది చచ్చిపోయారు. విచారణకు వచ్చిందెవరు? జమైకా గవర్నరు సర్ హెన్రీ నార్మన్, 1857లో ఢిల్లీ ముట్టడిలో పాల్గొన్న సైనికుడు. అధికారుల తప్పేమీ లేదని తేల్చాడు. గవర్నర్ల పనిని విచారించేది గవర్నరే అయినప్పుడు, విచారించేవాడి నిజాయితీ ఎంతని అడగడం దండగ.

1937 జూన్‌లో చమురు బావుల కార్మికులు ఉరియా బట్లర్ నాయకత్వాన సమ్మె కట్టారు. గవర్నరు ముర్చిసన్ ఫ్లెచర్ మొదట యుద్ధనౌకను రప్పించుకున్నాడు. తర్వాత శాసనమండలిలో నిలబడి, కూలి చాలదని, యజమానుల బాధ్యత ఉందని బహిరంగంగా అన్నాడు. ఆ కుర్చీలోంచి అంత నిజం వెలువడ్డం అరుదు. ఆ ఏడాది తిరగకముందే అతను పదవి వదలవలసి వచ్చింది. అదే నిజం వీధిలో చెప్పిన బట్లర్ జైలుకు వెళ్లాడు. సమ్మె లేకుంటే ఆ మాట గవర్నరు నోట వచ్చేదా? మంచితనం కూడా కిందనుంచే పైకి పాకింది.

అయితే పిక్టనూ గార్డనూ ఒకటేనా? కాదు. మేకు మీద కాలు ఆనించిన పిల్లకు ఆ తేడా చాలా పెద్దది. ఆ తేడాను తుడిచివేసే సిద్ధాంతం మనిషి నొప్పిని తుడిచివేస్తుంది. "అంతా వ్యవస్థదే" అని మనలో కొందరు తేలికగా అంటుంటారు. జాగ్రత్తగా వింటే, 1808లో పిక్టన్ తరఫు వాదం కూడా అదే: నేను కాదు, చట్టం చేసింది. వ్యవస్థను చూపి మనిషిని విడిపించడం ఒక తప్పు. మనిషిని చూపి వ్యవస్థను విడిపించడం రెండో తప్పు. పిక్టన్ దోషి, అతనికా అధికారం ఇచ్చిన ఏర్పాటూ దోషే. గార్డన్ మేలు చేశాడు. ఆ మేలు ఎవరికి, ఎంతవరకు అని నిర్ణయించే హక్కు మాత్రం మేలు పొందినవాడికి లేదు.

అందువల్ల "గవర్నరు ఎంత మంచివాడు?" అన్న ప్రశ్న సగం ప్రశ్న. మిగతా సగం "అతను ఎవరికి జవాబు చెప్పుకోవాలి?" అన్నది. ట్రినిడాడ్ శాసనమండలిలో 1925 దాకా ఎన్నికైన సభ్యుడు ఒక్కడూ లేడు. వయోజనులందరికీ ఓటు 1946లో గాని రాలేదు. అంతదాకా దయ ఉండవచ్చు, హక్కు లేదు. దయ ఒక ఓడలో వస్తుంది, మరో ఓడలో వెళ్లిపోతుంది.

చివరి గవర్నరు సాలమన్ హోచాయ్ తెల్లవాడు కాదు, చైనా సంతతివాడు. కుర్చీలో మనిషి రంగు మారడం చిన్న విషయం కాదు. కాని కుర్చీ మారింది అందువల్ల కాదు. 1834లో గవర్నరు ఎదుట కేకలేసినవాళ్ల నుంచి 1937లో పని ఆపినవాళ్ల దాకా, పేర్లు మిగలని జనం వల్ల.

మన విద్యార్థుల్లో కొందరు రేపు ఏదో ఒక కుర్చీలో కూర్చుంటారు. మంచిగా ఉండాలనే అనుకుంటారు. ఉండాలి కూడా. కాని తన మంచితనాన్ని ప్రశ్నించే అధికారం ఎదుటివాడి చేతికి ఇవ్వనంతకాలం, వాళ్లూ మంచి గవర్నర్లుగానే మిగులుతారు.