పదేళ్లప్పటి కోరిక

ఐర్లండ్‌లోని లిస్మోర్ అనే చిన్న ఊళ్లో తర్వాత సైకిల్ యాత్రికురాలిగా పేరొందిన డెర్వ్లా మర్ఫీకి పదో పుట్టినరోజున ఒక పాత సైకిలూ, ఒక అట్లాసూ కానుకగా వచ్చాయి. సైకిల్ మీద ఇండియా వెళ్లాలని అప్పుడే నిశ్చయించుకున్నారు. కానీ తల్లిది కీళ్లవాతంతో కదల్లేని స్థితి. పద్నాలుగేళ్లకే బడి మానేసి తల్లి సేవలో ఉండిపోయారు. మర్ఫీ సాహసాల గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం అన్నేళ్లు ఆరిపోని ఆ కోరికే గొప్పగా తోస్తుంది.

తల్లిదండ్రులిద్దరూ పోయాక, 1963 జనవరిలో, యూరప్ మంచులో కూరుకుపోయిన చలికాలంలో ఒంటరిగా బయల్దేరారు. సైకిల్‌కి రోజ్ అని పేరు పెట్టుకున్నారు. యుగోస్లావియాలో తోడేళ్లు మీదపడితే పిస్తోలుతో కాల్చాల్సి వచ్చింది. ఆఫ్ఘనిస్తాన్‌లో, బస్సులో రేగిన గొడవలో తుపాకి మడమ తగిలి పక్కటెముకలు విరిగాయి. అయినా ఆ దేశాన్నీ, ముక్కూమొహం తెలియని మనిషికి చోటిచ్చి రొట్టె పెట్టిన అక్కడి పల్లెవాసుల్నీ మనసారా ప్రేమించారు.

ఢిల్లీ చేరారు. వెంటనే ఇంటిముఖం పట్టలేదు. ధర్మశాల వెళ్లి, టిబెట్ శరణార్థుల పిల్లల్ని చూసుకుంటూ నెలల తరబడి అక్కడే ఉన్నారు.