ఏలీయాకు దొరికిన రొట్టె

1953లో వచ్చిన ‘దేవదాసు’ చిత్రమును మనలో అనేకులు చూచియున్నాము. నాగేశ్వరరావు గారి దేవదాసు త్రాగి త్రాగి మరణించుట చూచి కన్నీరు విడిచితిమి. సావిత్రి గారి పార్వతిని గమనించితిమా? ఆమె దుఃఖము తక్కువది కాదు. అయినను భార్య పోయిన జమీందారు ఇంట అడుగిడి, అతని బిడ్డలకు తల్లియాయెను. దుఃఖము పోలేదు గాని, బ్రదుకుటకు పని దొరికెను.

తోటి ప్రవక్తలు హతులై ఒంటరియైన ఏలీయా, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావును కోరెను (1 రాజులు 19). దేవుడు ఆయనను గద్దింపలేదు. దూతచేత రొట్టెయు నీళ్లును పంపెను, నిద్రపోనిచ్చెను, మరల తినుమనెను. హోరేబు చేరిన తరువాతనే పని అప్పగించి, ఎలీషాను తోడుగా చూపెను.

ప్రియులారా, మన మానుకోట పల్లెలలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యొద్దకు వెళ్లి, “దేవుని చిత్తము, ఏడువకమ్మా” అని చెప్పి త్వరగా తిరిగివచ్చుచున్నాము. అది చాలదు. చుట్టములందరు వెళ్లిపోయిన తరువాత అన్నము గిన్నెతో వెళ్లుదము. కొన్నాళ్లకు మిరప ఏరుటకు తోడు రమ్మని పిలుతము. ఎందుకు బ్రదుకవలెనో ఆమెకు మనము చెప్పలేకపోవచ్చును. ఈ పూట తినునట్లు ప్రక్కన కూర్చుండగలము. ఆ దూత చేసినదియు అంతే.