తాడు పట్టినవాడి ధర్మం

పాండవుల గుట్టలు ఒకప్పటి వరంగల్ జిల్లాలో, రేగొండ దగ్గరున్నాయి. ఆదిమానవుడు బొమ్మలు గీసిన ఆ రాళ్లపైనే ఇప్పుడు కుర్రకారు ఎక్కడం నేర్చుకుంటోంది. నడుముకు కట్టిన తాడు ముడిని రెండుసార్లు గుంజి చూస్తేగానీ అడుగు పైకి పడదు.

అలా ఎక్కే కుర్రాడు స్కౌట్ అయితే, దేవుడి పట్ల, దేశం పట్ల కర్తవ్యం నెరవేరుస్తానని మూడు వేళ్లెత్తి ప్రమాణం చేసే ఉంటాడు. మరి దేవుణ్ని నమ్మనివాడో?

1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రమాణంలో దేవుడికి బదులు ధర్మం అనొచ్చు. బ్రిటన్‌లో నాస్తిక స్కౌట్లకు వేరే ప్రమాణం 2014లోగానీ రాలేదు.

వెసులుబాటు మంచిదే, చిక్కు మాత్రం తీరలేదు. ఏది ధర్మమో చెప్పేదెవరు? గుట్ట మీద జవాబు కాస్త సులువు: కింద తాడు పట్టుకున్నవాడు పట్టు వదలకూడదు, వాడి మతంతో పనిలేదు. క్యాంపులో సర్వధర్మ ప్రార్థనప్పుడు కళ్లు మూసుకోనివాణ్ని మాస్టారు కసరకుండా ఉంటే చాలు.