విశ్వాసం – విశ్రాంతి – సమాధానం: ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

మనశ్శాంతి కోసం దేవుణ్ణి నమ్మడం నైతికంగా సమ్మతమేనా? క్రైస్తవ బోధలో తరచుగా వినిపించే ఆహ్వానం ఈ ప్రశ్నను మన ముందుంచుతుంది. అలసినవారిని, బరువులు మోసేవారిని తన దగ్గరకు రమ్మని, వారికి విశ్రాంతినిస్తానని యేసు చెప్పినట్లు మత్తయి సువార్త పదకొండవ అధ్యాయం తెలుపుతుంది. నమ్మినవారికి విశ్రాంతి, నమ్మనివారికి అశాంతి అనే సులభమైన విభజనగా ఈ మాటను అర్థం చేసుకుంటే రెండు ఆక్షేపణలు వెంటనే తలెత్తుతాయి. ఊరట కలిగించినంత మాత్రాన ఒక నమ్మకం సత్యం కాజాలదన్నది మొదటిది. ఆ ఊరటే మనిషిని అన్యాయం పట్ల ఉదాసీనుణ్ణి చేయవచ్చునన్నది రెండవది. 1844లో మార్క్స్ మతాన్ని మత్తుమందుతో పోల్చినప్పుడు, 1927లో ఫ్రాయిడ్ దానిని కోరికల నుండి పుట్టిన భ్రమగా నిరూపించబోయినప్పుడు వారు వేలు పెట్టి చూపింది ఈ బలహీనతనే.

ఈ ఆక్షేపణలను తోసిపుచ్చకుండానే, క్రైస్తవం చెప్పే విశ్రాంతి స్వరూపాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు తెలుగు క్రైస్తవ పరిభాషను, అగస్టీన్ ఆత్మకథను, పందొమ్మిదవ శతాబ్దపు ఒంగోలు ప్రాంత చరిత్రను ఆధారాలుగా తీసుకుంటున్నాను.

పదాల వెలుగులో

తెలుగు బైబిలు అనువాదకులు ఎంచుకున్న మూడు పదాలు ఈ చర్చకు మూలస్తంభాలు. మొదటిది విశ్వాసం. సంస్కృతంలో ‘శ్వస్’ ధాతువుకు ఊపిరి తీయడం అని అర్థం. ‘వి’ ఉపసర్గ చేరినప్పుడు భయం లేకుండా ఊపిరి పీల్చుకోవడం, నిశ్చింతగా ఉండడం అనే భావం కలుగుతుంది. తెలుగు వాడుకలో ‘విశ్వాసం గల మనిషి’ అన్నప్పుడు మనం అతని సిద్ధాంతాలను గురించి మాట్లాడడం లేదు; అతని నమ్మకస్తత్వాన్ని గురించి మాట్లాడుతున్నాం. కాబట్టి విశ్వాసమంటే ఒక ప్రతిపాదనకు బుద్ధి తెలిపే ఆమోదం మాత్రమే కాదు, ఒకరి మీద ఆనుకోవడం కూడా.

రెండవది విశ్రాంతి. ‘శ్రమ్’ ధాతువు నుండి వచ్చిన ఈ పదం శ్రమ విరమణను సూచిస్తుంది. గ్రీకు కొత్త నిబంధనలో మత్తయి వాడిన ‘అనపౌసిస్’, హెబ్రీయులకు రాసిన పత్రికలోని ‘కతపౌసిస్’, ‘సబ్బతిస్మోస్’ అనే మూడు పదాలకూ వాడుకలో ఉన్న తెలుగు అనువాదం విశ్రాంతి అనే ఒకే మాటను వాడింది. సూక్ష్మభేదాలు ఇక్కడ కొంత మరుగుపడిన మాట నిజమే. అయితే యూదుల సబ్బాతును కూడా ‘విశ్రాంతిదినము’ అనడం వల్ల ఒక లాభం చేకూరింది. ఆత్మకు దొరికే విశ్రాంతికీ, వారంలో ఒకనాడు దేహానికి దొరికే విశ్రాంతికీ ఉన్న బంధం తెలుగు పాఠకునికి ఏ వ్యాఖ్యానమూ లేకుండానే వినిపిస్తుంది.

మూడవది సమాధానం. హీబ్రూ ‘షాలోమ్’, గ్రీకు ‘ఎయిరేనే’ పదాలకు తెలుగు బైబిలు కొన్నిచోట్ల ‘శాంతి’ అని, పలుచోట్ల ‘సమాధానము’ అని చెప్పింది. సాధారణ తెలుగులో సమాధానమంటే ప్రశ్నకు జవాబు. వేదాంత పరిభాషలో అది శమాది షట్కంలో ఒకటి, చెదిరిన చిత్తాన్ని ఒకచోట నిలపడం. క్రైస్తవ వాడుకలో అది విరోధం తీరి సఖ్యత ఏర్పడడం. జవాబు, ఏకాగ్రత, సఖ్యత అనే ఈ మూడు అర్థాల్లో విశ్వాసి పొందేది ఏది? మన ప్రశ్నకు తాళపుచెవి ఇక్కడే ఉంది.

అవిశ్వాసం, నాస్తిక్యం ఒకటి కావు

హెబ్రీయులకు రాసిన పత్రిక మూడు, నాలుగు అధ్యాయాలు విశ్రాంతికి అవిశ్వాసాన్ని ఆటంకంగా పేర్కొంటాయి. అక్కడ ఉదాహరించినది ఐగుప్తు నుండి బయలుదేరి అరణ్యంలో రాలిపోయిన తరాన్ని. ఆ తరం వారు దేవుడు లేడని అనలేదు. సముద్రం దాటిన అనుభవం వారికి ఉంది. అయినా దాటించినవాడు చివరి వరకు నడిపిస్తాడని నమ్మలేకపోయారు. వారి లోపం జ్ఞానానికి సంబంధించింది కాదు, ఆనుకోవడానికి సంబంధించింది. గ్రీకులోని ‘అపిస్తియా’ సూచించేది ఈ అర్థాన్నే.

దీని నుండి రెండు విషయాలు తేలుతాయి. ఈ పత్రిక చెప్పే అవిశ్వాసం ప్రార్థనాలయం వెలుపల ఉన్నవారి లక్షణం మాత్రమే కాదు. లోపల కూర్చున్నవారిలోనూ ఉండగలదు. మరోవైపు, ఆలోచించి దేవుణ్ణి నిరాకరించిన వ్యక్తి తప్పనిసరిగా అశాంతిలో కొట్టుమిట్టాడుతున్నాడనడానికి ఈ పాఠం ఆధారం కాదు. నాస్తికుని జీవితాన్ని చీకటిగా చిత్రించి విశ్వాసాన్ని వెలిగించాలనుకునే వాదం లేఖనానికి కూడా న్యాయం చేయదు.

నిరాకరణలోని నెమ్మది

నిజానికి అవిశ్వాసం కూడా శాంతిని వాగ్దానం చేసింది. క్రీస్తుకు పూర్వం నాలుగు, మూడు శతాబ్దాల్లో జీవించిన ఎపిక్యురస్, దేవతలు మానవ వ్యవహారాల్లో తలదూర్చరని, మరణం మనకు అనుభవం కాదని గ్రహిస్తే మనసు కలత మానుతుందన్నాడు. సంశయవాది సెక్స్టస్ ఎంపిరికస్, నిర్ణయాన్ని నిలిపివేసినవారికి ప్రశాంతత దానంతటదే వస్తుందని వివరించాడు. గుర్రం నోటి నురగను చిత్రించలేక విసిగి స్పాంజిని విసిరిన చిత్రకారునికి ఆ విసురుతోనే నురగ ఆకృతి కుదిరిందన్న కథను ఇందుకు పోలికగా చెప్పాడు.

తెలుగునాట గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. దైవభావన మనిషిని బానిసను చేస్తుందని, నాస్తిక్యం అతనికి స్వేచ్ఛను, దానితోపాటు బాధ్యతను అప్పగిస్తుందని ఆయన వాదించారు. అస్పృశ్యతా నిర్మూలనకు, సహపంక్తి భోజనాలకు, కులాంతర వివాహాలకు ఆయన చేసిన కృషి ఆ వాదానికి ఆచరణ రూపం. అది మత్తు కాదు, మెలకువ. ఇటువంటి నిరాకరణ ముందు విశ్వాసి, ‘నాకు శాంతి ఉంది, నీకు లేదు’ అని చెప్పడం అసత్యమూ, అవినయమూ అవుతుంది.

అయితే ఈ మార్గాల్లో దొరికే నెమ్మది స్వభావాన్ని గమనించాలి. ఎపిక్యురస్ మార్గం భయాన్ని తొలగిస్తుంది. సంశయవాదం వివాదపు ఒత్తిడిని తగ్గిస్తుంది. గోరా మార్గం పరాధీనతను తెంచుతుంది. ఇవి మూడూ మనిషి తన శక్తితో సాధించేవి. క్రైస్తవం చెప్పే విశ్రాంతి ఇంకొక బరువును గురించినది: తన యోగ్యతను తానే నిరూపించుకోవలసిన బరువు, తాను చేసిన కీడును తానే చెరపలేని బరువు.

అగస్టీన్: జవాబు చాలని చోటు

ఈ భేదానికి స్పష్టమైన నిదర్శనం అగస్టీన్. క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తేలో జన్మించిన ఆయన సిసిరో గ్రంథం చదివి జ్ఞానాన్వేషణకు పూనుకున్నాడు. సుమారు తొమ్మిదేళ్లు మనీకేయ మతంలో ఉన్నాడు. దానిపై నమ్మకం సడలినప్పుడు, ఏ విషయంలోనూ నిశ్చయం అసాధ్యమనే అకాడెమిక్ సంశయవాదుల వైపు మొగ్గాడు. సెక్స్టస్ చెప్పిన ప్రశాంతత ఆయనకు అక్కడ దొరకలేదు.

‘కన్ఫెషన్స్’ ఎనిమిదవ భాగంలో ముఖ్యమైన విషయం ఒకటుంది. 386లో మిలాన్ తోటలో జరిగిన పరివర్తనకు ముందే ఆయన మేధాపరమైన సందేహాలు చాలావరకు తీరిపోయాయి. ప్రశ్నకు జవాబు దొరికింది, శాంతి దొరకలేదు. కారణం సంకల్పం రెండుగా చీలి ఉండడమే. కోరుతున్నదీ తానే, అడ్డుపడుతున్నదీ తానే. ఆ చీలికను స్వప్రయత్నంతో అతకబోయిన ప్రతిసారీ అది మరింత విస్తరించింది. చివరికి ఆయన పొందినది జవాబు అనే అర్థంలో సమాధానం కాదు; చెదిరినది ఒకచోట కుదిరే సమాధానం. గ్రంథారంభంలో దేవునిలో తప్ప నిలకడ చెందని హృదయాన్ని ప్రస్తావించి, పదమూడవ భాగం చివర నిత్య విశ్రాంతిదినం ధ్యానంతో ముగించడం యాదృచ్ఛికం కాదు.

ఆ విశ్రాంతి తీరికగా పరిణమించలేదన్నది మరో విశేషం. ఏకాంత జీవనం కోరుకున్న అగస్టీన్‌ను 391లో హిప్పో నగర ప్రజలు పట్టుబట్టి పౌరోహిత్యంలోకి తెచ్చారు. తగవులు తీర్చడం, బోధించడం, వాదించడంలో మిగిలిన జీవితం గడిచింది. 430లో వాండల్ సేనలు నగరాన్ని ముట్టడించి ఉన్న సమయంలో ఆయన మరణించాడు. పదవ భాగంలో, పరివర్తన తరువాత కూడా తనను వదలని ప్రలోభాలను ఆయన దాచుకోలేదు. మత్తయి సువార్తలో విశ్రాంతి వాగ్దానం వెంటనే కాడి ప్రస్తావన రావడాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కాడి దించుకుని మేతకు వెళ్లడం అక్కడి దృశ్యం కాదు, తగిన కాడిని మెడకెత్తుకోవడం. పని ఆగదు, పనితో తన విలువను కొనుక్కోవలసిన అవసరం ఆగుతుంది.

ఒంగోలు: హక్కుగా మారిన విశ్రాంతి

రెండవ ఆక్షేపణకు, అంటే విశ్వాసపు ఊరట మనిషిని లొంగదీస్తుందన్న వాదానికి, మన నేల మీది చరిత్రే ఒక పరీక్ష. 1866లో ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. అంతకు ముందు ఆయన యోగమార్గ సాధకుడు. ఆయన ద్వారా, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ద్వారా మాదిగ పల్లెల్లో విశ్వాసం వ్యాపించినప్పుడు కొత్తగా చేరినవారికి మూడు నియమాలు ఉండేవి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు.

మొదటి నియమం కేవలం ఆరాధనా నియమంగా కనిపించవచ్చు. కాని ఊరి చాకిరికి కట్టుబడినవాడు, చెప్పులు కుట్టి, తోలు బానలు బాగుచేసి, పిలిచినప్పుడల్లా డప్పు పట్టుకుని వెళ్లవలసినవాడు, వారంలో ఒకరోజు రానని చెప్పడం ఆనాటి గ్రామ వ్యవస్థలో చిన్న విషయం కాదు. తన కాలం మీద తనకు హక్కుందని ప్రకటించడం అది. అందుకే ఊరి పెద్దల ఆగ్రహం మొదట ఆ ఆదివారం మీదనే పడింది. ద్వితీయోపదేశకాండం ఐదవ అధ్యాయం విశ్రాంతిదినాన్ని దాసునికి, దాసికి, ఎద్దుకు, పరదేశికి కూడా వర్తింపజేసి, ఐగుప్తులోని దాస్యాన్ని అందుకు కారణంగా చూపుతుంది. ఆ సూత్రాన్ని ఒంగోలు పల్లెలు వ్యాఖ్యానంతో కాక ఆచరణతో అర్థం చేసుకున్నాయి.

ఆ రోజుల్లో ఆకలి పాత్ర లేదని అనలేం. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒకేరోజు 2222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం కోసమా, ఆత్మ కోసమా అన్న ప్రశ్న అప్పటినుండీ ఉంది. అయితే ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు దాగి ఉంది. దేహం అలసట వేరు, ఆత్మ అలసట వేరు అని విడదీయగల సౌలభ్యం కడుపు నిండినవారిది. తరతరాలుగా అవమానం మోసినవారికి విశ్రాంతి అంటే ఆ రెండూ కలిసినదే.

క్షమ – చవకబారు శాంతి

చివరి చిక్కు క్షమ. మనిషి చేసిన కొన్ని కీడులకు ప్రాయశ్చిత్తం అతని చేతిలో లేదు. బాధితుడు మరణించి ఉండవచ్చు. కాలం వెనక్కు రాదు. భయాన్ని తర్కం తొలగించగలదు కాని, అపరాధ భావం సత్యమైనప్పుడు దానిని తొలగించే హక్కు తర్కానికి లేదు. క్రైస్తవం ఇక్కడ తన విశిష్టమైన మాట చెబుతుంది: క్షమ బయటనుండి వస్తుంది, అర్హతను అనుసరించి రాదు. నిరంతర ఆత్మపరీక్షతో విసిగిన పదహారవ శతాబ్దపు లూథర్‌కు ఊపిరి ఆడినది ఈ బోధలోనే.

దుర్వినియోగానికి అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ. క్షమ పొందానన్నవాడు పొరుగువానికి చేసిన అన్యాయాన్ని దిద్దకుండా హాయిగా నిద్రపోవచ్చు. 1937లో వెలువడిన గ్రంథంలో జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ ఇటువంటి కృపను చవక కృపగా ఖండించాడు. హిట్లర్ పాలనను ఎదిరించి 1945 ఏప్రిల్‌లో ఉరికంబమెక్కాడు. కొండమీది ప్రసంగం ప్రకారం బలిపీఠం దగ్గరికి వచ్చినవానికి సోదరునితో విరోధం గుర్తుకు వస్తే అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి సఖ్యపడాలి. దేవునితో సమాధానం, పొరుగువానితో సమాధానం విడదీయరానివన్నమాట. సంఘంలోనే కులభేదం పాటిస్తూ సమాధానాన్ని ప్రకటించేవారికి ఈ వాక్యం తీర్పు కాకమానదు. ‘గబ్బిలం’ రాసిన జాషువాయే ‘క్రీస్తు చరిత్ర’ కూడా రాసి, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఫిర్యాదు, భక్తి ఒకే కలం నుండి రాగలవని ఆయన రచనలు నిరూపిస్తాయి. యోబు గ్రంథం చెప్పేదీ ఇదే. యోబు తన బాధకు కారణం తెలుసుకోలేదు, ప్రశ్నించడం వల్ల అవిశ్వాసి అనిపించుకోనూ లేదు.

ముగింపు

మొదటి ప్రశ్నకు ఇప్పుడు తిరిగి రావచ్చు. శాంతి విశ్వాసానికి రుజువు కాదు, పునాది కూడా కాకూడదు. శాంతిని పునాదిగా చేసుకున్నవాడు అది సడలిన నాడు విశ్వాసాన్నీ కోల్పోతాడు. ఫలంగా చూసినప్పుడు మాత్రం దానిని పరీక్షించే గీటురాయి మనకు దొరుకుతుంది. ఒక విశ్వాసం ఇచ్చే విశ్రాంతి సత్యమైనదా అన్నది, దాన్ని పొందినవాడు ఎవరి కాడి తేలిక చేశాడన్నదాన్నిబట్టి తెలుస్తుంది. ఆ గీటురాయి మీద నిజాయితీ గల నాస్తికుని కృషి కూడా మెరుస్తుంది. దానిని అంగీకరించడం విశ్వాసికి నష్టం కాదు. అతను అదనంగా చెప్పగలిగినది ఒక్కటే: మోయగలిగినంత మోసిన తరువాత కూడా మిగిలిపోయే బరువును దించుకోవడానికి ఒక చోటు ఉంది, దానికి అర్హత అడగరు. ఈ మాట తర్కంతో రుజువయ్యేది కాదు. ఒంగోలు పల్లెల్లో ఆదివారం పూట చాకిరికి వెళ్లని మనుషుల జీవితాల్లో అది ఒకప్పుడు కనిపించింది. నేటి విశ్వాసి జీవితంలో అది కనిపిస్తోందా అన్నదే అతను తనను తాను అడగవలసిన ప్రశ్న.