“నీ కోసమే చేశాను” అనే ముందు...

పోయిన వారం వీడియోలో సీతమ్మ వనవాసానికి బయలుదేరిన ఘట్టం చెప్పుకున్నాం కదా. ఆ ఘట్టం నాకెందుకంత ఇష్టమో కెమెరా ముందు చెప్పే ధైర్యం చాలలేదు. ఇక్కడ చెప్తాను.

పోయిన ఏడాది నాకు బెంగళూరు నుంచి మంచి ఆఫర్ వచ్చింది. మా ఆవిడ హైదరాబాద్‌లో లెక్చరర్. నేను వెళ్తే తను ఉద్యోగం మానేయాల్సి వస్తుందని, ఆ ఆఫర్ వద్దనేశాను. తనకి చెప్పలేదు. చెబితే బాధపడుతుందనుకున్నా. లోపల మాత్రం పెద్ద త్యాగం చేశానని ఒక ఫీలింగ్.

3 నెలల తర్వాత గిన్నెలు ఎవరు తోమాలనే గొడవలో నోరు జారాను. “నీ కోసం బెంగళూరు ఉద్యోగమే వదిలేశాను, తెలుసా!”

తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “నేను వెళ్ళొద్దన్నానా? కొన్నాళ్ళు నువ్వక్కడ, నేనిక్కడ ఉండి చూద్దామనేదాన్నేమో. నేను తీసుకోని అప్పు నా పేరు మీద రాసి, ఇప్పుడు వడ్డీతో కట్టమంటావేంటి?”

నా దగ్గర సమాధానం లేదు. ఎదుటి మనిషి మంచి కోసమే అయినా, వాళ్ళని అడగకుండా వాళ్ళ జీవితం గురించి నిర్ణయం తీసుకోవడం ధర్మమేనా?

అప్పుడే అయోధ్యకాండ మళ్ళీ తీశాను. రాముడు కూడా మొదట సీతమ్మ మంచి కోరే వద్దన్నాడు. సింహాలు, మొసళ్ళున్న నదులు, ముళ్ళ దారులు, ఆకుల మీద పడక... అడవిలో కష్టాలన్నీ వివరించాడు. ఆవిడ ఒప్పుకోలేదు. వాదించింది, ఏడ్చింది, గట్టిగానే నిష్ఠూరమాడింది. నేనైతే “నీ మంచికే చెప్తున్నా” అని విసురుగా లేచి వెళ్ళిపోయేవాణ్ణి. రాముడు చివరిదాకా విన్నాడు. నీ మనసు పూర్తిగా తెలుసుకోకుండా అడవికి తీసుకెళ్ళడం ఇష్టంలేక అలా అన్నానని చెప్పి, రమ్మన్నాడు. వినడం అంటే అది. విన్నాక నిర్ణయం మారడానికి కూడా చోటుండాలి.

అదే ఇంట్లో ఊర్మిళ కూడా ఉంది. లక్ష్మణుడి త్యాగం చిన్నదేం కాదు. కానీ వెళ్ళేముందు ఆమెని అడిగినట్టు వాల్మీకి చెప్పలేదు. మన ఆడవాళ్ళు మాత్రం ఆమెని మర్చిపోలేదు. మా అమ్మమ్మ పాడే ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో, 14 ఏళ్ళ తర్వాత లక్ష్మణుడు తిరిగొస్తే ఆమె గుర్తుపట్టక పరాయి మగాడనుకుంటుంది. చిన్నప్పుడు అది నాకు వింత కథ. ఇప్పుడు వింటే భయమేస్తుంది. మూడు నెలలు ఒకే ఇంట్లో ఉండి, నేనూ అలా పరాయివాణ్ణే అయ్యాను కదా!

అలాగని ప్రతి చిన్నదానికీ పర్మిషన్ అడగాలని కాదు. ఇద్దరి జీవితాన్నీ మార్చే విషయమైతే అడగాలి. అది కూడా ముందే డిసైడ్ అయిపోయి కాదు. అలా అడిగితే అది ఇన్ఫర్మేషన్ ఇవ్వడమే.

ఆ ఉద్యోగం ఇక రాదు. తను ఏమనేదో కూడా నాకెప్పటికీ తెలీదు. ఇప్పుడు ఆదివారం పొద్దున టీ తాగుతూ, “నేను నీకు చెప్పకుండా అనుకున్నది ఏమైనా ఉందా?” అని ఒకరినొకరం అడుగుతున్నాం. కొన్నిసార్లు టీ చల్లారిపోతుంది. పర్లేదు.

మీరు కూడా మీవాళ్ళ కోసం మౌనంగా వదులుకున్నది ఏదైనా ఉంటే, గొడవ వచ్చేదాకా దాచకండి. ఈరోజే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే చెప్పండి.

జై శ్రీరామ్!