తెప్పకు ప్రాణముంటే

ఏరు దాటి తెప్ప తగలేయడం అని మనకొక సామెత ఉంది. మేలు మరచినవాణ్ణి నిందించడానికి వాడుకుంటాం. అయితే ఆ సామెతలో కాలిపోయేది కట్టెలే. తగలేసినవాడి బుద్ధి బయటపడుతుందే తప్ప తెప్పకు పోయేదేమీ లేదు. అదే తెప్పకు ప్రాణముంటే? దానికి ఆకలీ, ముసలితనమూ ఉండి, తాను దాటించిన మనిషి అడుగుల చప్పుడును గుర్తుపట్టే చెవులు కూడా ఉంటే? నిరుడు వేసవిలో మా అమ్మాయిని చూడడానికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న నాలుగు కాళ్ళ మీద నడిచి నా ముందుకు వచ్చింది.

మా అమ్మాయి కాపురం బర్మింగ్‌హామ్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో. పక్కింట్లో బడిపంతులుగా పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. వాళ్ళకొక నల్ల లాబ్రడార్ కుక్క. దాని మూతి నెరిసింది. వెనక కాళ్ళు కాస్త ఈడుస్తుంది. ఉదయం పూట ఆయనతో నేనూ నడకకు వెళ్ళేవాణ్ణి. వీధి దాటవలసిన చోటికి రాగానే, కాలిబాట అంచున, ఆ కుక్క ఠక్కున ఆగిపోయేది. కనుచూపు మేరలో బండి లేకపోయినా ఆగేది. ఆయన చెబితే తప్ప అడుగు వేసేది కాదు.

"బాగా నేర్పారే" అన్నాను.

"నేను నేర్పలేదు. ఏడెనిమిదేళ్ళు ఒక చూపులేని మనిషిని నడిపించింది. ఉద్యోగం అయిపోయింది గాని అలవాటు పోలేదు" అన్నారాయన.

"మరి ఇప్పుడు మీకేం పని చేస్తుంది?" అని అడిగాను. అడిగాక గాని ఆ ప్రశ్న ఎలాంటిదో నాకు తట్టలేదు.

"ఏమీ చెయ్యదు. రిటైరయింది, నాలాగే" అని నవ్వారు.

చూపులేనివారిని నడిపించే కుక్కలకు పద్ధతిగా శిక్షణ ఇవ్వడం మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలో మొదలయింది. యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1916లో ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో ఒక పాఠశాల తెరిచారు. ఆ దేశంలో జరుగుతున్న ఈ పనిని గురించి, స్విట్జర్లండులో కుక్కల్ని పెంచుతున్న డొరొతీ యూస్టిస్ అనే అమెరికా మహిళ 1927లో తమ దేశపు పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఆ సంగతి తెలిసిన మారిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుడు ఆమెకు ఉత్తరం రాసి, స్విట్జర్లండు వెళ్ళి, 1928లో బడ్డీ అనే ఆడకుక్కతో అమెరికాకు తిరిగివచ్చాడు. మరుసటి ఏడాది 'సీయింగ్ ఐ' సంస్థ పుట్టింది. ఇంగ్లండులో 1931లో వాలసీ అనే ఊళ్ళో తొలి నాలుగు కుక్కలు శిక్షణ ముగించి తమ తమ మనుషులతో నడక మొదలుపెట్టాయి.

ఈ కుక్కల పని మనం ఊహించుకునేంత తేలిక కాదు. ఎక్కడికి పోవాలో దానికి తెలియదు. అది మనిషి చెప్పాలి. దారిలో గుంటలు, మెట్లు, స్తంభాలు, ఎదురొచ్చే జనం, ఇవన్నీ చూసుకోవలసింది కుక్క. తాను దూరగలిగితే చాలదు. పక్కన నడిచే మనిషి భుజానికి గోడ తగలకూడదు, తలకు కొమ్మ తగలకూడదు. అంటే తనది కాని కొలతను తనదిగా చేసుకుని నడవాలి. అన్నిటికన్నా నాకు వింతగా తోచింది మరొకటి. 'ముందుకు పద' అని యజమాని చెప్పినా, బండి మీదికి వస్తూంటే అది కదలదు. సమయం తెలిసి ఆజ్ఞను మీరడం కూడా దానికి నేర్పే విద్యల్లో ఒకటి. మా బ్యాంకులో అలాంటి గుమాస్తాను ఏ మేనేజరూ రెండు రోజులు భరించడు!

పిల్లగా ఉన్నప్పుడు ఏడాదికి పైగా ఎవరో స్వచ్ఛంద సేవకుల ఇంట్లో పెరుగుతుంది. తరువాత శిక్షణ. సుమారు రెండేళ్ళ వయసులో ఒక చూపులేని మనిషికి జత అవుతుంది. పదేళ్ళు నిండే నాటికి, ఒక్కోసారి ఇంకా ముందే, విరమిస్తుంది. ఇంతలో దాని మనుషులు ఎన్నిసార్లు మారారో చూడండి. ప్రతిసారీ అది తన మనసును కొత్త చేతుల్లో పెట్టాలి. మనిషికైతే బదిలీ ఉత్తర్వు కాగితం మీద వస్తుంది. బాగా లేదనుకుంటే యూనియనుకు చెప్పుకోవచ్చు. దానికి ఏ కాగితమూ లేదు.

ఇక్కడ నాలోని బ్యాంకు ఉద్యోగి తలెత్తాడు. 'సీయింగ్ ఐ' సంస్థ అంత ఖర్చుపెట్టి తయారు చేసిన కుక్కకు చూపులేని మనిషి దగ్గర తీసుకునేది 150 డాలర్లు. తరువాతి కుక్కలకైతే 50. దశాబ్దాలుగా ఆ మొత్తం పెంచలేదు. ఖర్చులో అది ఏ మూలకూ రాదు. తీసుకునేవాడు భిక్ష తీసుకున్నానని అనుకోకూడదని, తన కుక్కను తాను కొనుక్కున్నానని తలెత్తుకోవాలని ఆ పద్ధతి. మనిషి గౌరవం కోసం ఇంత ఆలోచించారు. మరి పని ముగిసిన కుక్కకు ఇచ్చేది భిక్షా, బాకీయా?

మా పెన్షనుదారుల సభల్లో నకారా కేసు పేరు ఎత్తనివారు ఉండరు. 1982 డిసెంబరు 17న సుప్రీం కోర్టు, పెన్షన్ అన్నది యజమాని దయ తలచి ఇచ్చే బహుమానం కాదు, గతంలో చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. ఆ రోజును పెన్షనర్ల దినంగా జరుపుకుంటారు. ప్రతి నవంబరులో వృద్ధులు తాము బతికే ఉన్నామని రుజువు ఇవ్వడానికి మా శాఖకు వస్తారు. ఇప్పుడు ఇంటి దగ్గర నుంచే ఇచ్చే వీలు ఉన్నా చాలామంది వస్తూనే ఉన్నారు. వాళ్ళు బల్ల ముందు కూర్చునే తీరులో అడుక్కునే భావం కనిపించదు. మాది మాకివ్వండి అన్నట్లుంటుంది. అదే న్యాయం ఆ నల్లకుక్కకూ చెల్లుతుందని మొదట అనుకున్నాను. ఎనిమిదేళ్ళ సేవ జమలో ఉంది, మూడు నాలుగేళ్ళ తిండీ మందులూ ఖర్చులో పడతాయి, లెక్క సరిపోయింది అని తృప్తిపడ్డాను.

ఆ తృప్తి వారం రోజులు కూడా నిలవలేదు. మా అమ్మాయితో పనిచేసే ఒకావిడ ఇంట్లో ఇంకొక కుక్కను చూశాను. అది కూడా అలాంటి శిక్షణకు వెళ్ళినదే. లారీ చప్పుడు వింటే వణికిపోయేదట. చూపులేని మనిషిని దాని చేతిలో పెట్టలేమని శిక్షణ మధ్యలోనే పంపించేశారు. ఇలా వెనక్కి వచ్చే కుక్కలు తక్కువేమీ కావు. కొన్నిటికి కీళ్ళో, కళ్ళో బాగుండవు. కొన్ని పావురాయి కనబడితే పరుగెత్తుతాయి. కొన్ని కింద పడిన తిండి చూస్తే ఆగలేవు. ఇది ఎవరినీ ఒక్క వీధి కూడా దాటించలేదు. దీని జమలో ఏముంది? నా పెన్షన్ సిద్ధాంతం ప్రకారం దీనికి రావలసింది సున్నా. అయినా ఆవిడ దాన్ని తెచ్చుకుంది. ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న ఆ కుక్కను చూస్తూ, "అమ్మా, ఈవిడ చేసింది దయేనా?" అని మా అమ్మాయిని అడిగాను.

"దయ ఎందుకు నాన్నా? అది తనంతట తాను వస్తానని అర్జీ పెట్టుకుందా?" అంది.

ఆ మాటతో నా లెక్కకు పునాదే కదిలింది. మన అవసరం కోసం పుట్టించాం, మన అవసరానికి తగ్గట్టు పెంచాం. తరువాత పనికిరాలేదన్నాం. ఆ కుక్క ఏ పరీక్షకూ దరఖాస్తు చేయలేదు, అందుచేత తప్పడమన్న మాట దానికి అంటదు. బాధ్యత మనకు అందిన సేవ నుంచి పుట్టదు. ఒక ప్రాణిని మన దారిలోకి తెచ్చుకున్న నాడే పుడుతుంది.

ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతని చెప్పుకోలేను. మాది హోసూరు దగ్గర పల్లె. రాగి చేను, కొద్దిగా వేరుశనగ. మా నాయనకు ఒక జత ఎద్దులుండేవి. నేను బీకాం రెండో ఏడు చదివేటప్పుడు దాపటి ఎద్దు ముసలిదై కాడి మోయలేకపోయింది. అప్పుడే తరుగుదల పాఠం చదివి ఉన్నాను. సెలవులకు వచ్చి, గడ్డి ఎంత, ఉలవలు ఎంత, చెక్క ఎంత అని నోటు పుస్తకంలో వేసి, "ఇంకా ఇదేం పని చేస్తుంది నాయనా, అమ్మేద్దాం" అన్నాను. నాయన పుస్తకం కేసి చూసి, "లెక్క సరిగానే ఉందిరా" అన్నాడు. మరుసటి సంతకు తోలుకుపోయాడు. పనికిరాని ఎద్దును సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. సాయంత్రం ఉత్త పలుపు తెచ్చి కొట్టంలో గూటానికి తగిలించాడు. ఆ డబ్బులో కొంత నా పరీక్ష ఫీజుకు పోయింది. బీద ఇల్లు. నాయనను తప్పు పట్టను. నా లెక్క కూడా తప్పు కాదు. ఇప్పటికీ నన్ను బాధించేది అదే.

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ మనకు తెలిసిందే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమన్నాడు. భార్యనూ తమ్ముళ్ళనూ వదిలి వచ్చినవాడివి కుక్కను వదలలేవా అన్నాడు. వాళ్ళు చనిపోయాక వదిలాను గాని బతికి ఉండగా వదలలేదు అన్నది ధర్మరాజు సమాధానం. ఈ కథను ఎన్నోసార్లు విన్నాను గాని ఒక సంగతి ఈమధ్యనే గమనించాను. ఆ కుక్క ధర్మరాజుకు చేసిన సేవ ఏమిటి? వేటాడి పెట్టలేదు, కాపలా కాయలేదు, దారి చూపలేదు. నమ్మి వెంట వచ్చింది, అంతే. వ్యాసులవారు దాని పద్దులో ఏ జమా రాయలేదు. రాసి ఉంటే ధర్మరాజు తీర్చింది బాకీ అయ్యేది.

ఇంత చెప్పాక ఒక న్యాయం కూడా చెప్పాలి. నల్లకుక్క పాత యజమాని దాన్ని వదిలించుకున్నాడని మీరు అనుకుంటారేమో. అక్కడ పని విరమించిన కుక్కను తానే ఉంచుకునే వీలు యజమానికి ఉంది. ఈయన ఒంటరివాడు, చిన్న వాటా. కొత్త కుక్క లేనిదే గడప దాటలేడు, ఇద్దరినీ సాకలేడు. మెడపట్టీ కొత్తదానికి తొడుగుతూంటే పాతది లేచి తలుపు దగ్గరికి వచ్చి నిలబడేదట. అది చూడలేక, తెలిసినవారైన మా పక్కింటివాళ్ళకు ఇచ్చాడు. నెలకొకసారి వచ్చి చూసి వెళతాడు. వదిలించుకోవడం వేరు, అప్పగించడం వేరు. వదిలించుకున్నవాడు మళ్ళీ ఆ వీధి కేసి రాడు.

తెచ్చుకున్నవాళ్ళకూ ఇది చక్కని బొమ్మ దొరకడం కాదు. వచ్చేటప్పటికే ముసలిది. పశువైద్యుడి ఖర్చు పెరుగుతుందే గాని తగ్గదు. మేడమెట్లు ఎక్కలేదు. అలవాటయ్యే సరికి పోతుంది. మా భాషలో చెప్పాలంటే, ఒకరు పడిన బాకీకి మరొకరు తెలిసి తెలిసి హామీ సంతకం పెట్టడం.

మన దేశంలో చూపులేని మనుషులకే దిక్కు లేదు, కుక్కల ముచ్చట ఎందుకయ్యా అని మిత్రులొకరు అన్నారు. మాట నిజమే. మన వీధుల్లో కాలిబాటలే సరిగా ఉండవు. ఇక్కడ చేతికర్రే ఆధారం, ఇలాంటి కుక్కలు అరుదు. అయితే నేనడిగేది కుక్కలు కావాలని కాదు. పని చేసినంత కాలమే విలువ అన్న లెక్క ఎద్దు దగ్గర ఆగదు. ఇంట్లో ముసలివాళ్ళ మంచం దాకా వస్తుంది. రేపో మాపో నాకూ విరమణ కాగితం వస్తుంది.

పక్కింటాయన "ఏమీ చెయ్యదు" అన్నప్పుడు ఆ గొంతులో ఫిర్యాదు లేదు. దాపటి ఎద్దు గురించి నేను అదే మాట అన్నప్పుడు ఉంది.